పిచ్చుకకు రాసినట్టు

మార్చి 2

పిచ్చుకకు,

వదిన రాస్తున్నది. కవరు మీద నా చేతిరాత చూసి ఏం కబురోనని గుండె పట్టుకోకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఈ రెండు గదుల ఇంట్లో నేను గుసగుసగా మాట్లాడినా మీ అన్నయ్య బొమ్మల బల్ల దాకా వినిపిస్తుంది. మెయిల్ పెడదామంటే పత్రికకీ మాకూ కలిపి ఒకటే మెయిల్, పొద్దున్నే దాన్ని తెరిచేది ఆయనే. అందుకే పోస్టాఫీసును నమ్ముకున్నాను. నువ్వూ కాగితం మీదే రాయి. పోస్టు అందుకునేది నేనే కాబట్టి భయం లేదు. కాస్త కుదురుగా రాయి తల్లీ, నీ ఎడమచేతి రాత చదవాలంటే నాకు రెండు కళ్ళద్దాలు కావాలి.

సంగతి చెప్తాను. నిన్న ప్రెస్సాయన వచ్చాడు. మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు, అప్పుడే అనుకున్నాను ఇది మంచి కబురు కాదని. "ఏమనుకోకండమ్మా, ఇన్ని తక్కువ కాపీలకు మిషను తిప్పితే నాకు గిట్టడంలేదు. కొత్త చందాదార్లు ఓ నూటయాభై మంది వస్తే మే సంచిక వేస్తాను. రాకపోతే ఏప్రిల్‌దే ఆఖరు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఇన్నాళ్ళూ మొహమాటానికే లాక్కొచ్చాడు.

మీ అన్నయ్య ఆయన్ని గుమ్మం దాకా సాగనంపారు. సాయంత్రం గోడౌన్ స్నేహితుడికి ఫోన్ చేసి, మే ఒకటో తారీకు నుంచి పనిలోకి వస్తానని చెప్పేశారు. వచ్చిన పెట్టెలు సరిచూసే పని. ఆ పని తక్కువదని నేననను. కానీ తొమ్మిదేళ్ళుగా నెలకో వస్తువు విప్పి, లోపల ఏముందో గీసి, మనంతట మనమే ఎలా బాగుచేసుకోవాలో 'బాగుచేత'లో చూపించిన మనిషి ఆయన. నిన్నటి నుంచి పెన్సిలు ముట్టుకోలేదు. ఏప్రిల్ సంచికకు పాత బొమ్మలే వేసెయ్యమన్నారు. పత్రిక ఆగిపోతుందన్న దానికంటే నాకు ఆ పెన్సిలు చూస్తేనే భయంగా ఉంది.

నువ్వు చేసేది మెయిళ్ళలో ప్రకటనలు రాసే ఉద్యోగం. కిందటిసారి నువ్వొచ్చినప్పుడు భోజనాల బల్ల దగ్గర అన్నాచెల్లెళ్ళు అనుకున్న మాటలు నేను మర్చిపోలేదు. "నీది తలుపులు కొట్టి పారిపోయే ఉద్యోగం" అన్నారాయన. "నీది ఎవరూ కొట్టని తలుపు" అన్నావు నువ్వు. ఆ తర్వాత ఉప్పు అందుకోవాలన్నా ఇద్దరూ నన్నే అడిగారు. సరే, అది మీ ఇద్దరి భాగోతం. ఇప్పుడు ఆ తలుపు ఎవరిచేతనైనా కొట్టించాలి. ఎలాగో చెప్పు. ఆయనకు తెలియక్కర్లేదు.

మీ వదిన

మార్చి 9

వదినా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. కాగితం మీద ఉత్తరం వచ్చిందని మా వాళ్ళంతా వచ్చి దాన్ని పట్టుకు చూశారు, మ్యూజియం వస్తువులా.

ముందే ఒక మాట. ఇది నీ కోసం చేస్తున్నాను. ఆయన కోసం కాదు. ఆయన కంటికి నా ఉద్యోగం ఆనదు కదా.

ఇక పని. నువ్వు ముందు పేర్లు పోగుచెయ్యాలి. ఎవరికి పడితే వాళ్ళకు పంపకూడదు, అది ప్రకటన కాదు, చీకట్లో రాళ్ళు రువ్వడం. మునుపు చందా కట్టి మానేసినవాళ్ళు ఉంటారు. లైబ్రరీ ప్రదర్శనలో మీరు ఉచితంగా గొడుగులు బాగుచేసిన రోజున "మాకు కబురు పెట్టండి" అని మెయిల్ అడ్రసులు ఇచ్చినవాళ్ళు ఉంటారు. వాళ్ళు చాలు. వాళ్ళకు మీరెవరో తెలుసు.

తర్వాత, మెయిలుకు 'విషయం' అని ఒక గీత ఉంటుంది. దాని బతుకంతా అక్కడే. మనుషులు ఆ గీత చదివి, తెరవాలా చెరపాలా అని కన్ను మూసి తెరిచేలోగా తేల్చేస్తారు. అక్కడ అరవకూడదు. అరిచేవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, వాళ్ళలో నేనూ ఉన్నాను.

మూడోది, ఒక్కటే అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే. ఒకేసారి నాలుగు అడిగితే అమ్మ కూడా గరిటె విసురుతుంది. చందా కట్టమను, అంతే. పాత సంచికలు కొనండి, స్నేహితులకు చెప్పండి, అభిప్రాయం రాయండి అని తోక తగిలించకు. చివర్లో మాత్రం, ఇంక మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళు నొక్కడానికి ఒక చోటు ఉండాలి.

ఒకటి రాసి పంపు. మా పైఅధికారిణిని మేం 'కత్తెర' అంటాం, ఏ వాక్యం చూపించినా సగం కోసేస్తుంది కాబట్టి. నీ దాన్ని నేను మెత్తగానే కోస్తాను.

నా గదిలో సింకు కుళాయి కారుతోంది. ప్లంబరు రేపు రేపు అంటూ మూడు వారాలు గడిపాడు. కింద గిన్నె పెట్టి పడుకుంటున్నాను. చుక్క పడినప్పుడల్లా మెలకువ వస్తోంది.

నీ పిచ్చుక

మార్చి 15

పిచ్చుకకు,

రాశాను. నాలుగు రోజులు కుస్తీ పట్టాను. చదివి నిజం చెప్పు.

"విషయం: మహదవకాశం. గౌరవనీయులైన గృహోపకరణ వినియోగదారులందరికీ 'బాగుచేత' మాసపత్రిక సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా, నేటి ఆధునిక జీవన విధానములో గృహోపకరణములు చెడిపోవుట సర్వసాధారణము. కావున తామెల్లరూ తమ అమూల్యమైన చందాను చెల్లించి మమ్ములను ఆదరించవలసినదిగా ప్రార్థన."

నాకు బాగానే ఉన్నట్టుంది, గంభీరంగా. అయినా రెండోసారి చదివితే ఎవరో మైకు పట్టుకుని సందులో తిరుగుతున్నట్టు అనిపించింది.

పేర్లు పోగయ్యాయి. ఎనిమిది వందల పైచిలుకు. గొడుగుల రోజున ఇంతమంది వచ్చారని నాకే గుర్తులేదు.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. వద్దనుకునేవాళ్ళు నొక్కడానికి చోటు పెట్టమన్నావు. శుభలేఖ కింద "పెళ్ళికి రావడం ఇష్టం లేకపోతే ఇక్కడ నొక్కండి" అని అచ్చేస్తామా ఎవరైనా? వద్దనుకునేవాళ్ళు వాళ్ళే మానుకుంటారు, మనం దారి చూపించడం దేనికి?

మీ అన్నయ్య నిన్న ఇస్త్రీపెట్టె వైరు తెగితే కొత్తది కొనుక్కురమ్మన్నారు. ఆయన నోటి వెంట 'కొత్తది' అన్న మాట నా కాపురంలో మొదటిసారి విన్నాను. వంటగదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. కుళాయికి గిన్నె పెట్టడం వైద్యం కాదు, ఆ సంగతి విడిగా రాస్తాను.

వదిన

మార్చి 21

వదినా,

నీ మెయిలు చదివి నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాను, క్షమించు. 'తామెల్లరూ' అన్నావు చూడు, అక్కడ కుర్చీలోంచి పడ్డాను.

అందరికీ రాయబోయావు, అందుకే అలా వచ్చింది. ఎనిమిది వందల మంది ఉన్నా, ఒక్కొక్కరూ తమ గదిలో, తమ ఫోను పట్టుకుని ఒంటరిగానే చదువుతారు. కాబట్టి ఒక్కరికి రాయి. నాకు రాసేటప్పుడు నీకు ఇలా రాదు. గరిట తిప్పుతూ మాట్లాడినట్టు రాస్తావు. ఇస్త్రీపెట్టె గురించి రాసిన నాలుగు ముక్కలు మళ్ళీ మళ్ళీ చదివాను. అంచేత నాకు రాసినట్టు రాయి. ఒక్క అక్షరం మార్చకు, గంభీరం చెయ్యకు. అదే పంపు.

పంపడానికి ఒక ఖాతా తెరిచి, పేర్లన్నీ ఎక్కించాను. లోపలికెలా వెళ్ళాలో ఈ కాగితం వెనక బొమ్మలతో సహా ఉంది. ఆ బొమ్మలు చూసి నవ్వకు, నేనేం అన్నయ్యను కాను. చందా బటన్, దాని కింద వద్దనుకునేవాళ్ళ గీత, రెండూ నేనే పెట్టాను. వద్దనుకునేవాళ్ళకు దారి చూపిస్తే, ఉండేవాళ్ళు ఇష్టంతో ఉన్నారని మనకు తెలుస్తుంది. ఇష్టం లేనివాణ్ణి తలుపేసి కూర్చోబెడితే అది చుట్టరికం కాదు కదా.

తొందరగా కానీ, ఏప్రిల్ ముంచుకొస్తోంది.

నీ పిచ్చుక

మార్చి 25

వదినా, పంపేముందు ఒకసారి నాకు చూపించు. మొన్న రాయడం మర్చిపోయాను. - పి.

మార్చి 26

పిచ్చుకకు,

నువ్వు చెప్పినట్టే చేశాను, పొద్దున పంపేశాను. ఇంత తేలికని తెలిస్తే ఆ నాలుగు రోజులూ కుస్తీ పట్టేదాన్నే కాదు. నీకు రాసినట్టే రాశాను, ఒక్క అక్షరం మార్చలేదు. నకలు ఇక్కడ రాస్తున్నాను.

"విషయం: నీ కుళాయి సంగతి

పిచ్చుకకు,

గిన్నె పెట్టుకుని పడుకోవడం ఆపు. ప్లంబరు రాడు. అది నీ చేతి పనే. సింకు కింద ఉన్న వాల్వు మూసెయ్. కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్ళు పోనీ. సింకు రంధ్రంలో గుడ్డ కుక్కు, లేకపోతే స్క్రూ అందులోకి జారి, ఒక పనికి రెండు పనులవుతాయి. పిడి మీద మూత తీసి, స్క్రూ విప్పి, పిడి పైకి లాగు. లోపల రెండు నట్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అందరూ తప్పేది ఇక్కడే. ఒక స్పానర్‌తో ఎక్కడ కదలకుండా పట్టుకోవాలో, రెండోదానితో ఏది ఎటు తిప్పాలో మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. మాటల్లో రావడంలేదు. మీ అన్నయ్య బొమ్మ గీస్తే పసిపిల్లకైనా తెలుస్తుంది.

ఆయనేమో పెన్సిలు కింద పెట్టేశారు. ఎవరూ కొట్టని తలుపు అన్నావు, అది ఆయనకు గొంతులో ముల్లయింది. తలుపులు కొట్టి పారిపోయే ఉద్యోగం అన్నారు, అది నీకూ అంతే. బొమ్మ గీయమని నన్ను అడగమనకు, అడిగి అడిగి నా నోరు అరిగింది. కావాలంటే నువ్వే అడుగు.

ఇంకో సంచికతో 'బాగుచేత' ఆగిపోయేలా ఉంది. నీకు అక్కరకొస్తుందనుకుంటే కింద నొక్కి చందా కట్టు. వద్దనుకుంటే దాని కింద నొక్కు, ఇంక విసిగించను.

వదిన"

ఎలా ఉంది? జవాబులు ఎలాగూ నీకే వస్తాయి కదా. వస్తే కాస్త రాసి పంపు. ఆయన కంట పడకుండా పని జరిగిపోయింది, నాకు అదే సంతోషం.

మీ వదిన

మార్చి 30

వదినా,

నాకు రాసినట్టు రాయి అంటే నాకు రాయమని కాదు.

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు. నువ్వు ఎనిమిది వందల మందికి పంచిపెట్టావు. ఎలా కనిపిస్తుందో చూద్దామని ఆ పేర్లలో నాదీ కత్తెరదీ కూడా చేర్చాను. మీటింగులో అందరి ముందూ ఆవిడ తెర మీద పెట్టి పైకి చదివింది. "ఈ పిచ్చుక ఎవరు?" అంది. పెద్ద కర్టెన్ ఏదైనా మీద పడి నన్ను కప్పేస్తే బాగుండుననిపించింది. చదవడం అయ్యాక, "ఇందులో నేను కోసేది ఏమీ లేదు" అని కూర్చుంది. మూడేళ్ళలో ఆవిడ నోట అలాంటి మాట వినలేదు. మెచ్చుకోలే అయ్యుండొచ్చు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఎవరూ కొట్టని తలుపన్నది నేను కోపంలో అన్న మాట వదినా. ఆ మాట అన్న మరుక్షణమే నాకు తెలుసు ఎంత తప్పో. నీ దగ్గరుంటే దాగుతుందనుకున్నాను. నన్నూ ఆయన్నూ అందరి మధ్యా నిలబెట్టి పంచాయితీ చేశావు.

అసలు ముప్పు అది కాదు. జవాబులు నాకు రావు. పత్రిక మెయిలుకే వస్తాయి. అన్నయ్య పొద్దున్నే తెరిచేదానికి. ఆ సంగతి నీకు చెప్పాననుకున్నాను.

పిచ్చుక

ఏప్రిల్ 3

పిచ్చుకా,

నీ ఉత్తరం కంటే ముందే జరగాల్సింది జరిగిపోయింది.

వారం రోజులుగా మెయిలు జోలికి పోని మనిషి ఇవాళ తెరిచారు. పొద్దున కాఫీ పట్టుకెళ్ళేసరికి ఆయన కంప్యూటరు ముందు రాయిలా కూర్చుని ఉన్నారు. నేను వెనక నిలబడి చూశాను. తెర నిండా జవాబులే. ఒక టైలరమ్మ రాసింది, "అన్నగారూ, మా కుళాయికీ అదే జబ్బు. ఆ రెండు నట్ల బొమ్మ గీయండి, చందా కట్టేశాను." రిటైరయిన బస్సు డ్రైవరు ఒకాయన, "చెల్లెలు చిన్నది బాబూ. పెద్దవాడే ముందు ఒక మెట్టు దిగాలి. నాకూ ఒక చెల్లెలుండేది, నేను దిగలేదు, ఇప్పుడు దిగుదామన్నా ఆమె లేదు" అని రాశాడు. "పిచ్చుక అడిగిందా లేదా?" అని ఒక్క ముక్క ఇంకెవరో. "మీ ఇంటి గొడవ మాకెందుకు" అని ఒకాయన తిట్టి, నువ్వు పెట్టిన ఆ గీత నొక్కి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఎందుకుండాలో నాకప్పుడు అర్థమైంది.

ఆయన కిందికీ పైకీ మళ్ళీ మళ్ళీ చదివారు. తర్వాత నా వైపు తిరక్కుండానే అడిగారు.

"ఇది నువ్వే రాశావా?"

"నేనే."

"దాని కుళాయి నిజంగా కారుతోందా?"

"నెల పైనయింది" అన్నాను.

ఆయన లేచారు. చెప్పులేసుకున్నారు, సంచీ తీసుకున్నారు, కాఫీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. భోజనం వేళయినా రాలేదు. ఫోను ఇంట్లోనే ఉంది. గోడౌన్‌కే వెళ్ళి ఉంటారు, ఒకటో తారీకు దాకా కూడా ఆగలేక. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఇవాళ తిట్టినా బాగుండేది.

నీ మీద భారం పెట్టింది నేనే, తప్పూ నాదే. నిన్ను నవ్వులపాలు చేశాను. నాకు నువ్వు చెప్పిన మాటే తప్ప ఈ విద్య ఏం తెలుసు తల్లీ. ఇంక రాయలేను, మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా లేచి చూస్తున్నాను.

వదిన

ఏప్రిల్ 7

వదినా,

ఉండబట్టలేక నీ ఫోనుకు చేశాను. అన్నయ్య ఎత్తాడు. "ఎవరూ?" అన్నాడు. నేను పెట్టేశాను. తలుపు కొట్టి పారిపోయాను, అచ్చం ఆయన అన్నట్టే. వెనక ఇనుప సామాను చప్పుడు వినిపించింది. పనిముట్లన్నీ పెట్టెలో సర్దేస్తున్నాడు కదూ?

నిన్ను నేను అంత మాట అనాల్సింది కాదు. నువ్వు రాసింది మళ్ళీ చదివాను, ఈసారి నాది కానట్టు. మా ఆఫీసులో పదిమందిమి కూర్చుని నెలంతా రాసినా అలాంటిది ఒక్కటి రాదు. మేం "ఈ ఒక్కరోజే" అని రాస్తాం, మర్నాడూ అదే రాస్తాం. నువ్వు నిజంగా ఆగిపోయేదాన్ని ఆగిపోతుందని రాశావు.

సెలవులకు రావాలనుకున్నాను. ఇక రాను. ఆయన కోపం చల్లారాక నువ్వే చెప్పు. పత్రిక ఆగిపోతే అందులో నా మాటకూ వాటా ఉంది.

పిచ్చుక

ఏప్రిల్ 11

ఓసి పిచ్చి పిచ్చుకా,

సర్దడం కాదే, విప్పడం. నువ్వు విన్న చప్పుడు కుళాయిది.

ఆ రోజు ఆయన గోడౌన్ గడప తొక్కలేదు. అద్దె గదుల్లో బిగించే పాతరకం కుళాయి కోసం ఊళ్ళో ఉన్న సామాను కొట్లన్నీ తిరిగారు. కొత్తరకాలు వద్దు, దాని గదిలో ఉండేలాంటిదే కావాలని. చివరికి ఒక పాత ఇనుము కొట్లో దొరికింది. దీపాలు పెట్టే వేళకు చేతికి తుప్పు, మొహం నిండా చెమట, సంచీలో ఆ కుళాయి. గుమ్మంలోంచే, "దానికి వాషర్ ఒక్కటి మారిస్తే చాలు. ఆ మాత్రం దానికి నెల్లాళ్ళు నిద్ర చెడగొట్టుకుందా?" అన్నారు. తిట్టు నీకో నాకో తెలియలేదు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

వారం నుంచీ భోజనాల బల్ల మీద కుళాయి ఉంది, మేం ఒళ్ళో పళ్ళాలు పెట్టుకుని తింటున్నాం. ఆరు బొమ్మలు గీసి చింపేశారు. ఏడోది ఇదిగో, ఈ కవర్లో. "ముందు దానికి పంపు. దాని చేతిలో పని జరిగితేనే అచ్చుకిస్తాను" అన్నారు. మొన్న ఒక ఫోనొచ్చి తెగిపోయిందని కూడా చెప్పారు. "ఏదో ప్రకటన అయ్యుంటుంది" అన్నారు. అంటూ నవ్వారు, నేను చూశాను.

నిన్నటికి నూట పదిహేడు మంది చందా కట్టారు. ప్రెస్సాయన ఇరవై అయిదో తారీకుకు తేల్చమన్నాడు. గోడౌన్‌లో పని వద్దని ఆయన ఇంకా చెప్పలేదు. నేను అడగలేదు. వాషర్ కొనుక్కో, పని మొదలుపెట్టు.

వదిన

ఏప్రిల్ 16

వదినా,

నిన్న ఆదివారం కాకపోయినా సెలవు పెట్టాను. వాల్వు మూశాను, గుడ్డ కుక్కాను, బొమ్మను అద్దానికి అంటించి పక్కన నిలబడ్డాను. రెండు నట్ల దగ్గర నాకూ చెమట్లు పట్టాయి. బొమ్మలో బాణం గుర్తు ఎటుంటే అటు తిప్పాను. అరిగిపోయిన పాత వాషర్ బయటికొచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టుకున్నాను, పారెయ్యబుద్ధి కాలేదు. కొత్తది వేసి బిగించి వాల్వు తెరిచి, గిన్నె పట్టుకుని కూర్చున్నాను. కారలేదు. కాఫీ తాగి వచ్చి చూశాను, గిన్నె పొడిగా ఉంది.

అప్పుడు తీరిగ్గా బొమ్మ చూశాను వదినా. అందులో చేతులు గమనించావా? తిప్పే స్పానర్ ఎడమ చేతిలో ఉంది. నా దగ్గరున్న 'బాగుచేత'లన్నీ తిరగేశాను. ఈ తొమ్మిదేళ్ళలో ఆయన గీసినవన్నీ కుడిచేతివాటం బొమ్మలే. అందరికీ రాయకు, ఒక్కరికి రాయి అని నీకు పెద్ద పాఠం చెప్పాను. ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను కాసేపు సింకు దగ్గరే కూర్చుని ఏడ్చాను.

ఈ ఉత్తరం దాచకు. అన్నయ్యకు ఇవ్వు. ఈ కింది నాలుగు మాటలూ ఆయనకే.

అన్నయ్యా, ఆ మాట తప్పు. నీ తలుపు కొట్టే వాళ్ళున్నారు, నేనూ ఉన్నాను. చందా కట్టాను, చూసుకో. ఇంకా కావాలంటే మొదటి మెయిలు చదివి ఊరుకున్నవాళ్ళకు రెండోది వెళ్ళాలి. అది నేను రాయను, వదినా రాయదు. నువ్వు రాయి. అడుగుతున్నాను.

పిచ్చుక

ఏప్రిల్ 22

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. కుళాయి ఆగినందుకు సంతోషం. నట్టు మరీ బిగించకు, రబ్బరు నలుగుతుంది.

నీ చందా చూశాను. నీకు పత్రిక ఎప్పుడూ ఊరికే వస్తుంది కదా, డబ్బు తిరిగి పంపేద్దామంది మీ వదిన. నేను ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళలో నువ్వు కావాలని అడిగి కట్టిన మొదటి చందా అది.

ఎడమచేతి బొమ్మే అచ్చుకిచ్చాను. అచ్చు బ్లాకులో కుడి ఎడమలు తిరగబడ్డాయేమో అని ప్రెస్సాయన అడిగాడు. లేదన్నాను. నిన్నటికి నూట నలభై మూడు. మిగతావాళ్ళు రాకపోతారా, మే సంచిక వేసేస్తాను అన్నాడు. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. జూన్ సంగతి జూన్‌లో చూడాలి. గోడౌన్‌కు వెళ్ళి, ప్రస్తుతానికి రానని చెప్పి వచ్చాను. మా స్నేహితుడు ఏమీ అనుకోలేదు, వాడి టేబుల్‌ఫ్యాన్ తల అటూ ఇటూ తిప్పడంలేదట, అది ఇచ్చి పంపాడు.

నిన్ను నేను అన్నదీ తప్పే. తలుపు కొట్టడం ఎంత కష్టమో రాయడానికి కూర్చుంటే గాని తెలియలేదు. నువ్వు రాయమన్నది కింద ఉంది. మీ వదిన పక్కన నిలబడి 'సవినయముగా' అని చేర్చమంటోంది, వేళాకోళానికి. నువ్వు చూసి సరిచెయ్యి. నా బొమ్మ నువ్వు పరీక్షించావు, నా మాటలు కూడా నువ్వే పరీక్షించాలి.

"విషయం: కుళాయి ఆగింది

కిందటి నెల మా ఆవిడ రాసిన ఉత్తరం మీకు వచ్చింది. అది నా చెల్లెలికి రాసింది. అందులో ఉన్నదంతా నిజం. కుళాయి సంగతి ఏమైందని చాలామంది అడిగారు. ఆగింది. మా చెల్లెలే బాగుచేసుకుంది. బొమ్మ నేను గీశాను, మే సంచికలో ఉంటుంది. అందులోవి ఎడమ చేతులు, మీది కుడిచేతివాటమైతే కాస్త ఓపిక పట్టండి.

మీ ఇంట్లో ఏది కారుతున్నా, ఊగుతున్నా, కిర్రుమంటున్నా నాకు ఒక ముక్క రాయండి. విప్పి చూసి గీస్తాను. పత్రిక కావాలంటే కింద నొక్కి చందా కట్టండి. తొందరేం లేదు, రేపు కూడా ఇదే చందా. వద్దనుకుంటే దాని కింద నొక్కండి, ఏమీ అనుకోను.

అడగడం నాకు అలవాటు లేదు. నేర్చుకుంటున్నాను."

ఎక్కడైనా కొయ్యాలంటే కోసెయ్. ఆఖరి ముక్క మాత్రం ఉంచు.

సెలవులకు రా. ఈసారి ఫోనులా చెయ్యకు. తలుపు కొట్టి అక్కడే నిలబడు. బల్ల దగ్గర్నుంచి లేచి రావడానికి నాకు కాస్త టైము పడుతుంది, కానీ వస్తాను.

అన్నయ్య